ఐలవ్వ చెవులు

ఒకప్పుడు మనుషుల చెవులు ఇప్పటిలా తలకు అతుక్కుని ఉండేవి కావు. ఆవు చెవుల్లా తిరిగేవి. ఎటు చప్పుడైతే అటు గిరుక్కున తిరిగేవి. అంతటితో ఆగితే బాగానే ఉండేది. చెవి ఎటు తిరిగితే మనసు కూడా దాని వెంటే పరుగెత్తేది.

అందుకే ఆ రోజుల్లో ఏ పనీ తెమిలేది కాదు. జొన్నలు విసరడానికి కూర్చున్న ఆవిడ పిచుక కిచకిచమంటే లేచి పోయేది. అక్కణ్ణుంచి మేక అరిస్తే పక్కవాళ్ల వాకిట్లోకి పోయేది. పొద్దుగూకేసరికి ఊరంతా తిరిగొచ్చి గుప్పెడు పిండి చూసుకునేది. ఏ గుడిసె చూసినా సగమే కప్పి ఉండేది. అందరిదీ అదే తంతు కాబట్టి ఒకరినొకరు ఏమీ అనుకునేవారు కాదు. హాయిగానే బతికేవారు లెండి.

ఆ కాలంలో ఒక గుట్ట కింద ఐలవ్వ అనే గొర్రెల కాపరి ఉండేది. ఆమెకు నలభై గొర్రెలు, ఒక కుక్క, నాలుగేళ్ల కూతురు మైసి. ఐలవ్వ చెవులు ఊళ్లో అందరి చెవులకన్నా పెద్దవి. ఎక్కడో ఆకు రాలినా ఠక్కున తిరిగేవి. దానికి ఆమె కాస్త మురిసిపోయేది కూడా.

ఒకరోజు పొద్దున్నే మందను తోలుకుని గుట్ట ఎక్కింది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో మైసి చెయ్యి. గుట్టకు అవతలివైపు నిట్టనిలువు దరి, దాని కింద వానలకు నిండి పారుతున్న వాగు. అక్కడికి పిల్లను ఎప్పుడూ పోనిచ్చేది కాదు.

ఉన్నట్టుండి మంచు కమ్మింది. చాచిన చెయ్యి కనపడనంత మంచు. అంతలో పొదలో ఒక కౌజుపిట్ట కూసింది. ఐలవ్వ చెవులు అటు తిరిగాయి, మనసు అటు పోయింది. చేతిలోని చిన్న చెయ్యి ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియనే లేదు. తిరిగి చూసుకుంటే మైసి లేదు.

"మైసీ! ఏడున్నవే బిడ్డా?"

మంచులోంచి సన్నగా వినిపించింది. "అమ్మా..."

ఐలవ్వకు ప్రాణం లేచి వచ్చింది. అటు పరుగెత్తింది. పది అడుగులు వేసిందో లేదో కుక్క మొరిగింది. చెవులు కుక్క వైపు తిరిగాయి, కాళ్లూ అటే తిరిగాయి. అక్కణ్ణుంచి ఒక గొర్రె మెడలో గంట మోగితే అటు పోయింది. కాకి అరిస్తే ఇంకోవైపు పోయింది. గానుగెద్దులా ఎన్ని చుట్లు తిరిగినా ఉన్నచోటికే వచ్చింది.

"ఓ గాలి తండ్రీ!" అని అరిచింది. "ఈ లొల్లంత ఆపు! నా బిడ్డ గొంతొక్కటే ఇనబడనియ్యి!"

గాలి గుట్ట మీదే తీరిగ్గా తిరుగుతున్నాడు. మంచివాడే పాపం, అడిగితే కాదనడు. "గట్లనే బిడ్డా" అని ఊపిరి బిగబట్టాడు. కుక్క అరుపు ఆగిపోయింది. గంటలు ఆగిపోయాయి. వాగు హోరు కూడా ఆగిపోయింది. వాటితోపాటు మైసి గొంతూ ఆగిపోయింది.

"అయ్యో, మైసిది ఆపకు!"

"నేను మోస్తే అన్నిటిని మోస్త, లేకుంటే ఏదీ మొయ్య" అన్నాడు గాలి. "ఏరుకునుడు నా పని కాదు. అది ఇనేటోళ్ల పని."

మళ్లీ అన్ని చప్పుళ్లూ ఒక్కసారే మీద పడ్డాయి. ఐలవ్వ కూలబడి ఏడ్చింది.

ఆమె పక్కకు ఒక ముసలి గొర్రె వచ్చి నిలబడింది. దాని కళ్లలోనూ దిగులే. "ఐలవ్వా, నా పిల్ల గూడ కనపడ్తలేదు. మైసి దాని ఎంటనే పొయ్యింది. నా పిల్ల అరుస్తలేదు, నేనెట్ల ఎతుకుదు? నీ బిడ్డ పిలుస్తున్నది. నువ్వే ఇనాలె."

"నా చెవులు నా మాట ఇంటలేవే!"

"పొద్దుగూకంగ ఇరవై పిల్లలు ఒక్కపారే అరుస్తయి గదా, అండ్ల నా పిల్లను నేనెట్ల గుర్తుపడ్తననుకున్నవ్?" అంది గొర్రె. "ముందుగాల దాని గొంతు మనసుల పెట్టుకుంట. చెవులు ఎటన్న పోతయి. పోతే పోనీ అంట. మనసునొక్కదాన్ని మల్ల ఎనకకు పిలుస్త. మల్ల పోతది, మల్ల పిలుస్త. గంతే."

"ఎన్నిసార్లు పిలువాలె?"

"ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు. కోపం జెయ్యకు, బెదిరిపోతది."

ఐలవ్వ కళ్లు మూసుకుంది. రెండు చేతులతో రెండు చెవులూ గట్టిగా పట్టుకుంది. అవి చేప పిల్లల్లా గిలగిల్లాడాయి. మైసి గొంతును తలుచుకుంది. కుక్క మొరిగింది, మనసు పోయింది. "రా తల్లీ" అని పిలుచుకుంది. గంట మోగింది, మళ్లీ పోయింది. మళ్లీ పిలుచుకుంది. కాకి, పిట్ట, వాగు. పోయిన ప్రతిసారీ పిలుచుకుంది. రానురాను మనసు పోయే దూరం తగ్గింది, వచ్చే దారి దానికి తెలిసిపోయింది. చప్పుళ్లన్నీ అలాగే ఉన్నాయి. కానీ వాటి మధ్యలో, తప్పెట్ల మోతలో పిల్లనగ్రోవిలాగా, ఒక సన్నని గొంతు తేలింది.

"అమ్మా..."

చెవులు పట్టుకునే నడిచింది. గొర్రె ఆమె వెనకే నడిచింది. గొంతు దగ్గరైంది. తీరా చూస్తే కాళ్ల ముందు దరి! గొంతు కిందినుంచి వస్తోంది. మంచులో జారినట్టుంది, కింద రాతి అరుగు మీద ఎక్కడో ఉంది పిల్ల.

దిగాలంటే వేళ్లూ రాళ్లూ పట్టుకోవాలి. దానికి రెండు చేతులూ కావాలి. చెవులు వదిలితే అవి వాగు హోరుకు తిరుగుతాయి, మనసు కూడా పోతుంది, కాలు జారుతుంది.

"గాలి తండ్రీ! నా చెవులు తిరగకుంట అతికియ్యి!"

గాలి ఉలిక్కిపడ్డాడు. "సోయిలుండే అడుగుతున్నవా? అతికిస్తే మల్ల తిరగవు. నీయే కాదు, నీ బిడ్డయి, దాని బిడ్డలయి గూడ. ఎనకనుంచి పులొచ్చినా చెవి తిరిగి చెప్పదు."

"పులిని కుక్క జూసుకుంటది. నాకు నా బిడ్డ గావాలె. జల్ది!"

గాలి రెండు అరచేతులూ చాచి ఆమె చెవుల్ని తలకేసి అదిమాడు. ఆ వత్తుడికి అవి చిన్నవై, ముడతలు పడి, అలాగే నిలిచిపోయాయి.

ఐలవ్వ వేరు పట్టుకుని దిగింది. వాగు హోరుమంది. చెవులు కదల్లేదు. మనసు మాత్రం ఒకసారి తొణికింది, పిలవగానే తిరిగొచ్చింది. ఇంకో రాయి, ఇంకో వేరు. చివరికి కాలు అరుగు మీద ఆనింది.

అక్కడ మైసి కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్లో గొర్రెపిల్ల గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"గట్టిగ పిలువద్దానే!" అంది ఐలవ్వ, పిల్లను గుండెకు అదుముకుంటూ, ఏడుస్తూ నవ్వుతూ.

"ఉష్... ఇది పండుకున్నది, లేస్తది" అంది మైసి గుసగుసగా.

పిల్లలిద్దర్నీ కొంగులో కట్టుకుని ఐలవ్వ పైకెక్కింది. ముసలి గొర్రె తన పిల్లను నాకి నాకి లేపేసింది.

ఆ తర్వాత ఐలవ్వ రోజూ సాయంత్రం కాసేపు కూర్చుని, నలభై గంటల్లో ఒక్క గంటనే ఏరుకుని వినేది. మనసు పోయేది, పిలుచుకునేది. ఆమెను చూసి ఊళ్లో వాళ్లూ గాలిని అడిగి చెవులు అతికించుకున్నారు, మనసును పిలుచుకోవడం నేర్చుకున్నారు. మెల్లగా గుడిసెల కప్పులు పూర్తయ్యాయి.

అప్పటినుంచే మనిషి చెవులు కదలవు. మనసు మాత్రం ఇప్పటికీ ఎటో పోతూనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని గాలి అతికించలేదు. కానీ పిలిచేకొద్దీ తొందరగా వస్తుంది. అప్పటినుంచే, జాతరలో ఎన్ని డప్పులు మోగుతున్నా, తన బిడ్డ ఎంత మెల్లగా పిలిచినా, తల్లికి వినిపిస్తుంది.