పోలిగాడి పని అయిపోయిందా?

ఎండాకాలం మధ్యాహ్నం వాగు గట్టున పనున్నవాడెవడూ ఉండడు. అందుకని అభిప్రాయాలున్నవాళ్లంతా అక్కడే చేరతారు. మోకాటి లోతుకి దిగిపోయిన మడుగులో కోటమ్మ అనే బర్రె కూర్చుని నెమరేస్తూ ఉండేది. గట్టు మీద అంకన్న అనే గాడిద కళ్లు సగం మూసుకుని అన్నీ వింటూ ఉండేవాడు. బాజీ అనే మేకపోతు తుమ్మకాయలు ఏరుకు తింటూ, నోరు ఖాళీ అయినప్పుడల్లా ఎవరి మాటకో అడ్డం పడేవాడు. ముగ్గురికీ దేనిలోనూ కుదిరేది కాదు, ఒక్క పిచ్చిలో తప్ప. ఆ పిచ్చి పేరు పోలిగాడు.

పోలిగాడంటే పసుల వెంట తిరిగే నల్లపిట్ట. తోక రెండుగా చీలి ఉంటుంది. మనిషి, అంటే పిట్ట, పిడికెడంత లేడు గానీ నోరు తెరిచాడంటే వాగు వాగంతా చెవులు రిక్కించాల్సిందే. రాగం తీయడం అతనికి రాదు. రావాలని అతను ఎప్పుడూ అనుకోలేదు కూడా. మాట మీద మాట, ఊపిరి తిప్పుకోకుండా, దరువు తప్పకుండా విసురుతాడు. దాన్ని ర్యాప్ అంటారని పట్నం చూసొచ్చిన అంకన్న చెప్పాడు. అప్పట్నుంచీ అందరూ అలాగే అన్నారు. ఆ పాటల్లో పెద్ద హిట్టు కాకి మీద కట్టింది.

"గూటికాడ నీకేం పని గుంటకన్ను కాకీ
గుడ్డు మీద చూపు పడితే గుండు నీ తోకకీ
నల్లగుంటే నువ్వే కాదు, నేనూ నలుపే చూసుకో
నీది మసి, నాది మెరుపు, తేడా తెలిసి మసలుకో!"

ఈ పాట మొదటిసారి పుట్టింది కోటమ్మ వీపు మీద. ఈ సంగతి నీళ్లు తాగడానికి వచ్చిన ప్రతి ప్రాణికీ కోటమ్మ చెప్పేది. వినడం ఇష్టం లేనివాళ్లకి రెండుసార్లు చెప్పేది.

"నా నడకలో దరువు పట్టుకునే వాడు మాట కట్టాడు. అనుమానముంటే నేను నడుస్తా, నువ్వు పాడి చూడు. అచ్చంగా కూర్చుంటది."

అది ఉత్త గొప్ప కాదు. ఆ పాటకి బలం ఉండేది. గట్టుకి అవతల, పొలాలు దాటాక ఒక తుమ్మచెట్టు ఉంది. పోలిగాడు మకాం వేసిన చెట్టు అది. కింది కొమ్మల్లో గువ్వలు, పిచ్చుకలు, ఇంకా నోరులేని పిట్టలన్నీ వచ్చి గూళ్లు కట్టుకునేవి. అటు వచ్చిన కాకిని పోలిగాడు పాటతోనే పొలిమేర దాటించేవాడు. నలుగురిలో పరువు పోతుందని కాకులు ఆ ఛాయలకి రావడం మానుకున్నాయి.

అలాంటి పోలిగాడు ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి మారిపోయాడు. కోటమ్మ వీపు ఎక్కడం మానేశాడు. ఎక్కడో తాటిచెట్టు మీద ఒక్కడే కూర్చుని "కీ... కిక్... కీ" అంటూ సగం సగం ఈలలు వేసుకుంటున్నాడు. మాట లేదు, దరువు లేదు, తిట్టు అసలే లేదు.

ఫ్యాన్స్ రెండు వర్గాలయ్యారు.

"అయిపోయాడు," అన్నాడు అంకన్న. "సరుకు నిండుకుంటే ఎవడైనా ఈలలే ఏసుకుంటాడు."

"నీకు అర్థం కాకపోతే అయిపోయినట్టేనా?" బాజీ లేచాడు. "ఎదుగుతున్నాడయ్యా. అదే కాకిని, అదే తిట్టు, ఎన్నేళ్లు తిట్టమంటావు? ఇప్పుడు యాడ చూసినా ఈలలే నడుస్తున్నాయి."

"యాడ నడుస్తున్నాయి?"

"యాడో నడుస్తుంటయ్యి. నీకు తెలిసి చచ్చిందా?"

"నిన్న నువ్వే గదరా, పోలిగాడి గొంతు పోయింది, వేరేవాణ్ణి చూసుకుందాం అన్నది?"

"నిన్న నేను ఆకలి మీదున్నా."

పోలిగాణ్ణి ఎవరు ఒక్క మాటన్నా కొమ్ములు విసిరేది కోటమ్మే. కానీ లోపల ఆమెకే బాధగా ఉంది. ఇన్నాళ్లు తన వీపు మీద నిలబడి పేరు తెచ్చుకున్నవాడు ఒక్క మాటైనా చెప్పకుండా తాటిచెట్టు ఎక్కేశాడు. ఖాళీ వీపు మీద ఈగలు వాలుతుంటే తోలడానికి కూడా ఆమెకి మనసు రావడం లేదు.

సరిగ్గా ఆ అదను చూసుకుని వచ్చి గట్టు మీద వాలాడు బొంతకాకి భద్రయ్య. పాటలో ఉన్న కాకి ఇతనే. అందరి మొహాలూ ముడుచుకున్నాయి.

"ఎందుకట్టా చూస్తారు?" అన్నాడు భద్రయ్య ఎంతో పెద్దరికంగా. "ఆ పాటకి నాకంటే పెద్ద ఫ్యాన్ ఎవడున్నాడు? కట్టిందే నా మీద!"

భద్రయ్య ఇంకాస్త ముందుకు జరిగాడు.

"తిట్టాడు, నిజమే. కానీ ఏం తిట్టాడయ్యా! అక్షరం అక్షరం పొడిచినట్టుండేది. ఇప్పుడా ఈలలు వింటుంటే నాకు గుండె తరుక్కుపోతంది. ఇట్టా వదిలేస్తే ఇంకో నెలలో వాడి పేరు ఎవడికీ గుర్తుండదు. అందుకని ఒక్కటి చెయ్యండి. రేపు మధ్యాహ్నం వాగు మధ్యలో వాడి చేత పాత పాట పాడించండి. మొదట్నుంచి చివరిదాకా, ఒక్క చరణం వదలకుండా. తుమ్మచెట్టు పిట్టలన్నిటినీ పిలవండి. అంత జనాన్ని చూస్తే వాడికి మళ్లీ ఊపొస్తది."

అంకన్న చెవులు నిక్కబొడిచాడు. బాజీ, తానే ముందు ఆ మాట అనబోయానన్నాడు. భద్రయ్య మాత్రం కోటమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"వాడు ఎవరి మాటా వినడు కోటమ్మా, నీ మాట తప్ప. అసలా దరువు ఎవరిది? వాడిదా? నీ నడకది. ఆ సంగతి లోకం మర్చిపోతంది, అదీ నా దిగులు."

కోటమ్మ పొంగిపోయింది. ఇన్నాళ్లూ తను చెప్పుకుంటే నవ్వినవాళ్లే గానీ, ఎదుటివాడు తనంతట తాను ఆ మాట అనడం ఇదే మొదలు. అన్నది కాకి అన్న సంగతి కూడా ఆమెకి గుర్తు రాలేదు.

సాయంత్రం ఆమె తాటిచెట్టు కిందకి వెళ్లి తల పైకెత్తింది.

"ఒరే పోలిగా, నా వీపు మెత్తబడిందా, నీ కాళ్లు పెద్దవైనయ్యా?"

పోలిగాడు చప్పున దిగొచ్చి ఆమె కొమ్ము మీద వాలాడు. "అంత మాటనకక్కా. పని మీదున్నా. ఇంకా కుదరలేదు."

"కుదిరిన పాట ఉండగా ఈ కుదరని ఈలలెందుకురా?"

"ఆ పాట చచ్చిపోయిందక్కా. మొన్న తుమ్మచెట్టు కాడ భద్రయ్య ముఖం మీదే పాడా. వాడు సిగ్గుపడలేదు, పారిపోలేదు. తలూపుకుంటా విన్నాడు. తిట్టించుకునేవాడు తలూపాడంటే ఇంక ఆ తిట్టుకి పదునేముందని? మీకది పాట. నాకది కావలి. కావలికి పనికిరానిది ఎంత బాగుంటే మాత్రం ఏంది?"

ఇందులో సగమే కోటమ్మకి ఎక్కింది. మిగతా సగం ఆమె ఎక్కించుకోదలచలేదు. "నాకోసం ఒక్కసారి పాడు. జనమంతా నీ పని అయిపోయిందంటున్నారు. నాకు తలెత్తుకోబుద్ధి కావట్లా."

"నీకోసమైతే పాడతా," అన్నాడు పోలిగాడు.

మర్నాడు కోటమ్మ తుమ్మచెట్టు కిందికి వెళ్లి పిలవగానే పిట్టలన్నీ కదిలాయి, గువ్వ సీతాలు తప్ప. సీతాలు గూట్లో రెండు గుడ్లున్నాయి.

"నేను రాలేనక్కా. ఇప్పుడొదిలితే ఎట్టా?"

"ఒక్క పాట సేపే గదే. భయపడి భయపడి బతుకంతా కొమ్మకే అంటుకుపోతావా? నీ గుడ్లకి ఏమన్నా అయితే నన్నడుగు. కోటమ్మ మాటిస్తే మాటే."

సీతాలు గుడ్ల మీద రెండు ఆకులు కప్పి, పదిసార్లు వెనక్కి చూసుకుంటూ వచ్చింది.

వాగు గట్టు నిండిపోయింది. ముందు వరసలో, ఎండుకొమ్మ మీద భద్రయ్య. పోలిగాడు కోటమ్మ వీపెక్కాడు. కోటమ్మ మడుగులో అడుగు వేసింది. నీళ్లు చప్పుడు చేశాయి, ఆ చప్పుడు మీద మొదటి మాట పడింది. గట్టంతా ఊగిపోయింది. పోలిగాడి పని అయిపోయిందన్న అంకన్నే అందరికంటే ముందు తోక ఊపాడు. కోటమ్మకి ఆనందంతో కళ్లు చెమర్చాయి. వీడు మావాడు, ఈ వీపు మీదివాడు, వినండి, బాగా వినండి అని ఆమె ప్రతి అడుగూ గట్టిగా వేసింది.

రెండో చరణంలో ఆమెకి భద్రయ్య మొహం చూడాలనిపించింది. అంత ముచ్చటపడి అడిగినవాడు ఎంత మురిసిపోతున్నాడో చూద్దామని తల తిప్పింది. ఎండుకొమ్మ ఖాళీగా ఉంది. గట్టు మీద చూసింది. అటుపక్క చూసింది. ఎక్కడా లేడు.

మడుగు అంచు బురదలో కోటమ్మ నడక ఆగిపోయింది. దరువు తెగి పోలిగాడు తడబడ్డాడు.

"ఏందక్కా?"

"పాట అడిగినోడు పాటకి లేడురా."

ఆ మాట అంటుంటేనే ఆమెకి అంతా అర్థమైంది. తుమ్మచెట్టు మీద ఇప్పుడు ఒక్క పిట్ట లేదు. అందర్నీ తనే పిలుచుకొచ్చింది. సీతాలు "నా గుడ్లు!" అని కెవ్వుమంది. మాటిచ్చింది కోటమ్మే. ఎంత రెక్కలు కొట్టుకుని ఎగిరినా పొలాలన్నీ దాటేసరికి గూట్లో పెంకులే మిగులుతాయి.

పోలిగాడు ఎగరలేదు. కోటమ్మ వీపు మీద కాళ్లు గట్టిగా ఊనుకుని, ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నాడు. ఇన్నాళ్లూ తాటిచెట్టు మీద తునకలు తునకలుగా వచ్చిన ఈల ఈసారి పూర్తిగా వచ్చింది.

అది భైరి డేగ అరుపు. వేటకి దిగేముందు అరిచే అరుపు.

గట్టు మీద ఒక్కరు నిలబడితే ఒట్టు. వాగు పక్షులకి భైరి వస్తే తెలిసిన దారి ఒక్కటే, బర్రె పొట్ట కింద దూరడం. అందరూ కోటమ్మ కిందికి దూరారు. దూరలేని అంకన్న నీళ్లలో కూలబడ్డాడు. బాజీ అంకన్న వెనక దాక్కున్నాడు. కోటమ్మ కూడా బెదిరి ఆకాశంలోకి చూసింది. ఆకాశంలో ఏమీ లేదు. అరుపు మళ్లీ వచ్చింది, అరిచినప్పుడల్లా ఆమె వీపు మీద రెండు చిన్న కాళ్లు బిగుసుకున్నాయి. అప్పుడు తెలిసింది ఆమెకి. అంత గర్వం ఆమెకి జన్మలో కలగలేదు. నోరు మాత్రం విప్పలేదు.

అంతలో పొలాల మీదుగా నల్లగా ఏదో దొర్లుతున్నట్టు వచ్చింది. నేలని రాసుకుంటూ, రెక్కలు ఎటు పడితే అటు కొడుతూ, భద్రయ్య! సర్రున వచ్చి కోటమ్మ పొట్ట కింద పిట్టల మధ్యకి దూరాడు.

"జరగండమ్మా, జరగండి! భైరొచ్చింది! మీ పోలిగాణ్ణి పాట మధ్యలోనే పట్టుకుపోయినట్టుంది!"

అతని ముక్కుకి సీతాలు గూటి పుల్ల ఒకటి, సీతాలు కప్పిన ఆకు ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. పిట్టలన్నీ ఆ ముక్కు వంకే చూశాయి.

కోటమ్మ తల వంచి కిందికి చూసింది. "భద్రయ్యా, కొత్త పాట ఎట్టా ఉంది?"

"పాటేంది కోటమ్మా? పైన భైరి..."

పోలిగాడు ఆమె పక్క మీదుగా తలకిందులుగా వంగి, భద్రయ్య చెవి పక్కనే మరోసారి అరిచాడు. భద్రయ్య కాళ్లు రెండూ ముడుచుకుపోయి మడుగు బురదలో బోర్లా పడ్డాడు. అప్పుడు లేచిన నవ్వుకి మడుగులో నీళ్లు కదిలాయి. పిచ్చుకలు సైతం ముక్కు చాచి అతన్ని తలో పోటు పొడిచాయి. రెక్కలు తడిసి ఎగరలేక, భద్రయ్య పొలం గట్ల వెంట నడుచుకుంటూ వెళ్లాడు.

సీతాలు అప్పటికే ఎగిరిపోయింది. అది తిరిగొచ్చేదాకా కోటమ్మ నెమరు వేయలేదు. కాసేపటికి సీతాలు వచ్చి ఆమె కొమ్ము మీద వాలింది.

"రెండూ ఉన్నయ్యక్కా. గూడు ఒక పక్క చిరిగింది, అంతే."

"ఒరే పోలిగా," అంది కోటమ్మ, "ఇంక నువ్వు తాటిచెట్టెక్కు, మేడెక్కు, నీ ఇష్టం. ఏ చెట్టు మీదున్నా నువ్వు మావాడివే."

అంకన్న నీళ్లు దులుపుకుంటూ లేచాడు. "మొదట్నుంచీ నేనదే చెబుతున్నా. ఆ ఈలలో ఏదో ఉందని."

"నువ్వా?" అన్నాడు బాజీ. "ఇప్పుడు చెబుతున్నా వినండి, ఈ కొత్త పాట కూడా పాతదైపోయే రోజొస్తది. అప్పుడు వీడు ఇంకోటి కడతాడు. అప్పుడు నువ్వు మళ్లీ అయిపోయాడంటావు."

ఈసారి బాజీ మాటకి ఎవరూ అడ్డం పడలేదు.

భద్రయ్య సంగతంటారా, ఇప్పుడు పైన భైరి అరుపు వినబడితే అది భైరో పోలిగాడో అతనికి తెలియదు. తెలుసుకోవడానికి ఆగే ధైర్యమూ లేదు. గింజ దొరికినా, గూడు కనబడినా, అన్నీ వదిలేసి పొదలోకి దూరాల్సిందే.

నీతి: కళాకారుణ్ణి వెనక్కి రమ్మని పిలిచేవాడికి, ఆ వెనక ఏం పని ఉందో ముందు చూసుకోండి.