కొసరు లక్ష్మీ వ్రత కథ

చేతిలో అక్షతలు పట్టుకొని అందరును కూర్చుండుడు. కొట్టు ఉన్నవారు తలుపులు దగ్గరకు వేసి రండు. కథ ముగియువరకు బేరములు లేవు. పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. ఈ కథ అడుగువారి వలననే పుట్టినది గనుక మధ్యలో అడిగినను దోషము లేదు.

పూర్వము కృష్ణవేణీ తీరమున శిలోంఛుడను మహర్షి తపస్సు చేయుచుండెను. కోతలు ముగిసిన చేలలో రాలిన గింజల నేరుకొని జీవించువాడు గనుక ఆయనకు ఆ పేరు వచ్చెను. ఒకనాడు కౌతుకుడను ముని ఆయన ఆశ్రమమునకు వచ్చెను. ఈ కౌతుకుడు ఎక్కడికి పోయినను ఏదో ఒకటి అడుగక నిలువలేనివాడు. కాళ్లు కడుగుకొని, అవి ఆరకమునుపే ఇట్లడిగెను.

"మహాత్మా, నేను వచ్చుచు నొక అంగడి వీధిని చూచితిని. ఒకటే వీధి, ఒకటే సరుకు, ఒకటే ధర. అయినను ఒక కొట్టు ముందర జనము క్రిక్కిరిసి యుండిరి. ఎదుటి కొట్టువాడు ఈగలు తోలుకొనుచుండెను. ఇది యేమి విచిత్రము? అమ్మువాని చేతికిని, ఇంటిలో దాచుకొను ఇల్లాలి చేతికిని, పండించువాని చేతికిని నడుమ మనకు కనబడని త్రాడేదైన నున్నదా?"

శిలోంఛుడు సంతోషించెను. "నాయనా, ఇక్కడికి వచ్చువారందరు మోక్షము నడుగుదురు గాని పెసల బేరము నెవ్వరు నడుగరు. లోకమునకు మేలైన ప్రశ్న వేసితివి. దీనికొక వ్రతము కలదు. కొసరు లక్ష్మీ వ్రతమందురు. ఆ కథ చెప్పెదను, వినుము" అని ఇట్లు చెప్పసాగెను.

పెసరమిల్లి యను పట్టణమున చెన్నిశెట్టి యను వైశ్యుడుండెను. అతని భార్య పేరు రత్తమాంబ. వారికి సంతానము లేదు. వీధిలోని ఆడువారే రత్తమాంబకు అక్కలును చెల్లెండ్రును. చెన్నిశెట్టి దుర్మార్గుడు కాడు. కొలత తప్పడు, పుచ్చు సరుకు అంటగట్టడు. లెక్కలో మాత్రము మిక్కిలి గట్టివాడు. చిక్కంతయు అక్కడనే వచ్చెను.

అతని తండ్రి నాటినుండి ఆ కొట్టులో ఒక ఆచారముండెను. ఎవరేమి కొనినను, సోలతోగాని మానికతోగాని కొలిచి పోసిన పిమ్మట, పైన ఒక పిడికెడు వేయుదురు. దానినే కొసరు అందురు. కొనువారు అడుగవలసిన పని లేదు. కొంగు చాచి నిలిచినచో చాలును.

తండ్రి గతించిన పిమ్మట చెన్నిశెట్టికి ఒక ఆలోచన తోచెను. ఒకనాడు తాను వేయు ప్రతి కొసరుకు సరిగా మరియొక పిడికెడు తీసి ప్రక్కనున్న గంపలో వేయుచు వచ్చెను. పొద్దు గ్రుంకునప్పటికి గంప నిండెను. దినమున కొక గంపెడు సరుకు నీటిలో పోసినట్లు పోవుచున్నదే యని వగచి, మరునాటినుండి కుంచము నోటికి సమముగా కర్రతో గీసి కొలువసాగెను. కొసరు మానివేసెను.

ఆ దినమున ఒక వృద్ధురాలు పసుపు చీర కట్టుకొని వచ్చి సోలెడు పెసలు కొనెను. చెన్నిశెట్టి కొలిచి పోసెను. ఆమె కొంగు చాచియే నిలిచెను.

"కొలత సరిగ్గానే ఉంది కదమ్మా, ఇంకేం కావాలి?" అని అతడడిగెను.

"ఏమీ లేదు నాయనా, అలవాటు" అని ఆమె కొంగు ముడుచుకొని పోయెను. ఆమె సాక్షాత్తు లక్ష్మీదేవి యని అతడెరుగడు.

ఓ కౌతుకా, కొసరు మానగానే అతనికి నష్టము వచ్చెననుకొనెదవేమో. రాలేదు. కొన్ని మాసములు కొట్టు నిండి పొంగెను. చెన్నిశెట్టి తన తెలివికి తానే మురిసి, అటుకపై కొత్త గాదె కట్టించెను.

పిమ్మట ఆషాఢమున ముసురు పట్టెను. వీధి స్త్రీలు జొన్నలు తప్ప తక్కినవి కొనుట మానిరి. నూనె కొనువారు లేక గానుగవాని యెద్దు నిలిచిపోయెను. గానుగవాడు కుండలు కొనడాయెను, కుమ్మరి బెల్లము కొనడాయెను. చెన్నిశెట్టి కొట్టులో బెల్లము దిమ్మలు చెమ్మకు కారి చీమల పాలయ్యెను. అతడు ధర తగ్గించి చూచెను. అయినను ఎవరును రాలేదు. ఇట్లే జరిగినచో కొట్టు మూసి పొరుగూరికి పోవలెనని అతడు భార్యతో చెప్పెను.

రత్తమాంబకు పైప్రాణములు పైననే పోయెను. ఈ వీధి విడిచి తాను బ్రతుకజాలదు. ధర తగ్గినను కొనరేమి యని ఆమె రాత్రింబవళ్లు ఆలోచించి, తెలియక, చాప బేరమాడు నెపమున చాపలల్లెడు నాంచారమ్మ ఇంటికి పోయెను. అటునిటు మాటలాడి, తుదకు మనసులోని మాట అడిగివేసెను. నాంచారమ్మ ఉట్టిమీది కుండ దించి చూపెను. అందు బూజు తప్ప ఏమియు లేదు.

"ఇది కొసరు కుండమ్మా. కొలిచిచ్చింది పొయ్యి మీద కెక్కుద్ది, కొసరు ఇందులో కెళ్లిద్ది. కొన్నదాంట్లోంచి దాయమంటే నా చెయ్యి రాదు. ఊరికే వచ్చింది కాబట్టి దాచబుద్దేసేది. ముసుర్లో తుంగ ఎండదు, చాప అల్లేది లేదు. అప్పుడీ కుండ తినేవాళ్లం. చేతిలో ఉన్న కాసు మిగిలితే, దాంతో మీ కొట్లోనే బెల్లమో నూనో కొనేదాన్ని."

రత్తమాంబ ఇంకొక రెండిండ్లకు పోయి చూచెను. అన్నిచోట్లను అటువంటి కుండలే, అన్నియు వట్టివే. తన మగడు పట్టి యుంచిన గంపెడు గింజలు ఏ త్రోవన పోయి ఏ త్రోవన తిరిగి వచ్చెడివో ఆమెకప్పుడు తెలిసెను.

ఇది విని కౌతుకుడు ఊరకుండలేక, "స్వామీ, అట్లయిన కుంచమునే కొంచెము పెద్దది చేసినచో సరిపోదా? కొసరెందుకు?" అని అడిగెను.

మహర్షి చెప్పెను: "కుంచము పెద్దదైన యెడల అంతయు పొయ్యి మీదికే పోవును. మనుష్యుని చేయి లెక్కకు వచ్చినదానిని ఖర్చు చేయును, లెక్కకు మించి వచ్చినదానిని దాచును. ఇట్లేల యున్నదో నేనును చాలకాలము ఆలోచించితిని. బ్రహ్మ దానిని అట్లు చేసెను, అంతకంటె నాకును తెలియదు." అని తరువాతి కథ చెప్పెను.

మరునాటి ఉదయమున రత్తమాంబ కొట్టు ముందర ముగ్గు వేయుచుండగా, పసుపు చీర కట్టిన ఆ వృద్ధురాలు వచ్చి నిలిచెను. ఆమె వ్రత విధానము చెప్పెను. శ్రావణ శుక్రవారమున సోల, మానిక, కుంచములను కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, పీటపై నుంచి, వానియందు లక్ష్మిని పూజింపవలెను. వడపప్పును బెల్లమును నివేదింపవలెను. నాటినుండి కొలిచిన ప్రతివారికిని కొసరు వేయవలెను. కొసరు మాత్రము నీ సొంతమై యుండవలెను సుమా యని చెప్పి ఆమె మరుగయ్యెను.

రత్తమాంబ భర్తకంతయు చెప్పెను. అతడు మొదట గొణిగినను, బెల్లము దిమ్మలను చూచి ఒప్పుకొనెను. దంపతులు శ్రద్ధగా పూజ చేసిరి. చెన్నిశెట్టి పిడికిళ్లు విప్పి కొసరు వేసెను. ముసురు వెలిసెను, జనము తిరిగి వచ్చిరి, ఉట్లమీద కుండలు నిండసాగెను. రత్తమాంబ ఊపిరి పీల్చుకొనెను.

అయినను పోవుచున్న గంపెడు గింజలను చెన్నిశెట్టి ప్రతి సాయంకాలము లెక్క కట్టుకొనుచునే యుండెను. ఆ దినములలో తిమ్మనాయడను రైతు బండ్లతో పెసలు తెచ్చెను. ఇతడు తాతల నాటినుండి ఆ కొట్టుకే పంట పోయువాడు. చెన్నిశెట్టి కుంచమును సమముగా గీయక, పైన గోపురము నిలుచునంత పోయించుకొనసాగెను. అదేమని నాయడడుగగా, తాను అందరికిని కొసరు వేయుచున్నాడు గనుక తనకును కొసరు రావలెనని చెప్పెను.

తిమ్మనాయడు తగవులాడలేదు. బండి తొట్టిలో మిగిలిన గింజలను చేతితో ఊడ్చుచు ఒక్క మాటనెను.

"శెట్టిగారూ, మా ఇంట్లోనూ ఉట్టి మీద కుండుందండీ."

ఆ మాట చెన్నిశెట్టి చెవిని పడెను గాని మనసున పడలేదు. ఈ రైతునుండి ఒక గోపురము, ఆ రైతునుండి ఒక గోపురము తీసికొని, దానినే పిడికిళ్లుగా వీధివారికి పంచుచు, వ్రతము చక్కగా నడుచుచున్నదని మీసము దువ్వుకొనెను.

మరుసటి పంటకు తిమ్మనాయడి బండ్లు ఆ కొట్టు ముందర ఆగలేదు. తక్కిన రైతుల బండ్లును ఆగలేదు. ఇప్పుడు కొట్టు ముందర జనముండిరి, కొట్టులో సరుకు లేకుండెను. కొన్నాళ్లు చూచి వారును వేరు కొట్లకు పోయిరి. ఇంతకుముందు బెల్లమైన మిగిలెను. ఈసారి చీమలును రాలేదు. కొత్త గాదె కూలెను. రత్తమాంబ నగలు ఒక్కటొక్కటిగా పోయెను. కట్టకడపట, వచ్చు పున్నమకు ఊరు విడుచుటకు దంపతులు నిశ్చయించుకొనిరి. రత్తమాంబ ఎవరికిని చెప్పలేక, ఇంటింటికి పోయి ఊరకనే కూర్చుండి వచ్చుచుండెను.

ఆ దినములలో ఇంట పప్పు నిండుకొనెను. తన ఊరిలో కొనుటకు సిగ్గుపడి చెన్నిశెట్టి దూరపు సంతకు పోయెను. ఎవరో యెరుగని కొట్టువాని యొద్ద సోలెడు పెసలు కొనెను. అతడు కొలిచి ఉత్తరీయపు చెంగున పోసెను. చెన్నిశెట్టి వెల యిచ్చెను. బేరము ముగిసెను. అయినను అతడు కదలలేదు. తాను చెంగు చాచి నిలిచియున్నట్లు అతనికే కొంతసేపటికి తెలిసెను. కొట్టువాడు తల యెత్తియైన చూడక, ఒక పిడికెడు తీసి అందు వేసి, వెనుకనున్నవానిని పిలిచెను.

చెన్నిశెట్టి ఆ పిడికెడును వేరొక చెంగున ముడివేసికొని ఇల్లు చేరెను. రత్తమాంబ రెండు ముడులును విప్పెను. పెద్ద ముడిలోనివి పొయ్యి మీద పెట్టెను. చిన్న ముడిలోనివి, ఎవరును చెప్పకయే, వట్టి కుండలో పోసెను. గింజలు కుండ అడుగున పడిన చప్పుడు విని చెన్నిశెట్టి గడప దాటి వచ్చి అందులోనికి తొంగి చూచెను. అతనికి దుఃఖము ఆగలేదు.

"రత్తమ్మా, ఇన్నాళ్లూ నేనేసిన కొసరు నాది కాదే. నాయుడి కుండలోది తీసి వీధికి పంచాను" అనెను.

ఆమె మంచినీళ్లిచ్చి, నాయడి యొద్దకు పొమ్మనెను.

చెన్నిశెట్టి కుంచము తీసికొనక, వట్టి చేతులతో తిమ్మనాయడి కళ్లమునకు పోయెను. తాను చేసిన పనిని ఉన్నదున్నట్లు చెప్పెను. ఇకమీదట నీ కుంచముతో నీవే కొలువుము, గీసియే పోయుము, కొలత ముగిసిన పిమ్మట నా కొట్టులోని ఉప్పుగాని బెల్లముగాని నీకు నేనే కొసరుగా వేసెదనని వేడుకొనెను. నాయడు చాలసేపు గింజలు తూర్పారబట్టుచునే యుండెను. అతడు కాదన్నచో పున్నమకు ఊరు విడువవలసినదే. తుదకు చేట క్రింద పెట్టి, తన కుంచము తెచ్చి, ఒక బండికి సరిపడ సమముగా గీసి అరువుపై కొలిచెను. బస్తా మూతి కట్టబోవు చెన్నిశెట్టిని ఆగుమని, రాశిలోనుండి దోసెడు పెసలు తీసెను.

"పట్టండి శెట్టిగారూ. ఇది కొసరు."

చెన్నిశెట్టి ఉత్తరీయము చాచెను. చెంగు దాటి కొన్ని గింజలు నేల రాలెను. ఇద్దరును వంగి వానిని ఏరిరి.

ఆ బండితో కొట్టు తిరిగి తెరచిరి. దంపతులు మరల వ్రతము చేసిరి. ఈసారి చెన్నిశెట్టి ప్రతి ఉదయమున తన ఇంటికి వండుటకు తీసిన గింజలలోనుండి ముందుగా కొంత వేరు పెట్టి, దానినే కొసరుగా వేసెను. మునుపటి గంపకంటె అది చిన్నదయ్యెను గాని ఎవరును తక్కువైనదనలేదు. రైతుల బండ్లు ఆగెను, గానుగ తిరిగెను, నాంచారమ్మ కుండ నిండెను. రత్తమాంబ ఆ వీధిలోనే ముత్తైదువగా పెద్దకాలము బ్రతికెను.

కావున ఓ కౌతుకా, ఈ వ్రతమును కొట్టు పెట్టినవారు చేయవలెను. పండించువారు, నేయువారు, గానుగ త్రిప్పువారు చేయవలెను. నెల జీతముపై ఇల్లు నడుపు ఇల్లాండ్రు చేయవలెను. కాటాపై అంకెలు చూచి తూచువారును, పొట్లములు ముందే కట్టి అమ్ముటచే కొసరు వేయుటకు చోటు లేనివారును తప్పక చేయవలెను, వారికే అవసరమెక్కువ. కొలతలో గొణుగుచు చేసినవారికి సగము ఫలము. భక్తితో చేసినవారి కొట్టున సరుకు నిలువ యుండదు, ఇంటి కుండ వట్టిపోదు, ముసురు దినములలో పొయ్యి ఆరదు. విన్నవారికి చేసినంత ఫలమందురు గాని నేను నమ్మను, విని చేయవలెను.

ఇక అందరును అక్షతలు కొలపాత్రలపై వేసి, ప్రసాదము పంచుకొనుడు. పంచువారు ప్రతివాని చేతిలో ప్రసాదముంచి, తమ వంతులోనుండి తీసి కొసరు వేయుచు, "ఇది నాలోనిది" అని పైకి చెప్పవలెను. ఎవరి నోట ఆ మాట నిజముగా రాదో, వారు ఆనాటికి చేయి దించుకొని, ఇంటికి పోయి, అది ఎవరి కుండలోనిదో వెదకి ఇచ్చి రావలెను. వారికొరకు దీపము ఆర్పక ఉంచెదము.