పసుపు ఎర్రబడ్డ బావి

అనగా అనగా, మీ ముత్తవ్వకు వాళ్ల ముత్తవ్వ కథలు చెప్పిన కాలంలో, నీలగట్టు అని ఒక నేతవాళ్ల ఊరుండేది. ఇంటింటా మగ్గం, ప్రతి పెరట్లో ఒక బావి. ఆ రాజ్యానికి కీర్తిసేనుడు రాజు. మీరు ఊ కొడుతూ ఉండండి, నేను చెబుతాను. ఇది కాస్త భయపడాల్సిన కథే, అందుకని అమ్మ పక్కన చేరి వినండి.

ఆ ఊళ్లో ఓబుళమ్మ అనే ఆవిడ ఉండేది. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు, పేరు నాయకి. ఆ నాయకి పురిటికి పుట్టింటికొచ్చి మగపిల్లవాణ్ణి కన్నది. ఇక ఓబుళమ్మ కాళ్లు నేల మీద ఆనలేదంటే నమ్మండి. దారిన పోయేవాళ్లను ఆపి మరీ, "మా మనవడి ముక్కు చూశారా?" అనేది. ముక్కేముంది, అందరు పిల్లల ముక్కులాగే ఉంది. అమ్మమ్మ కళ్లకు వేరేగా కనపడింది, అంతే.

ఊరికి ఎగువన మాణిక్యశెట్టి అనే వర్తకుడు చలువశాల పెట్టాడు. ముతక బట్టను తెల్లగా చేసే చోటన్నమాట. అక్కడ పెద్ద పెద్ద తొట్లలో మురికి విరిచే ఘాటైన క్షారం కాచేవారు. ఏవేవో రాళ్లు నూరి అందులో కలిపేవారు. నానవేసిన బట్ట మల్లెపువ్వులా పైకి తేలేది. రాజుగారి తలపాగా కూడా ఆ బట్టే. ఊళ్లో సగం మందికి అక్కడే పని, అందుకని శెట్టిగారి మాటంటే ఊరికి వేదం.

బట్ట తెల్లబడింది, బాగానే ఉంది. మరి ఆ కాచిన నీళ్లు ఎటు పోవాలి? చలువశాల వెనక పాడుబడ్డ దిగుడుబావి ఒకటుంది. అందులో పోశారు. పొద్దున పోశారు, సాయంత్రం పోశారు. ఎండాకాలం పోశారు, వానాకాలం పోశారు. ఎంత పోసినా అది నిండలేదు.

"చూశారా భూదేవి ఓర్పు, అంతా మింగేసింది" అన్నాడు శెట్టి.

అందరూ అవునన్నారు. మింగినది లోపల ఎటు పోతోందని అడిగినవాడు లేడు.

ఊళ్లో ముందుగా మారింది పప్పు. నవ్వకండి, నిజంగానే పప్పు. అంతకుముందు పొయ్యి మీద గంటలు గంటలు సతాయించే కందిపప్పు, ఇప్పుడు ఎసట్లో పడీ పడగానే వెన్నలా మెత్తబడిపోతోంది. మన ఇళ్లలో మంచినీళ్లకు పరీక్ష ఏమిటి? పప్పు ఉడకడమే కదా. ఇక ఆడవాళ్ల ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

"గంగమ్మ చల్లగా చూసింది వదినా, రెండు పుల్లల మంటకే ఉడికిపోయింది" అంది పక్కింటి లింగమ్మ. ఆవిడ చంకలో ఏడాది నిండని ఆడపిల్ల ఉంది.

ఆ మర్నాడు ఓబుళమ్మ చేద తోడితే, చేదలో ఒక కప్ప పైకొచ్చింది. దాని వీపు మీద తోలు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

"అమ్మా, నన్ను బయట వదిలెయ్. ఆ నీళ్లలో నిప్పుంది" అంది కప్ప.

"నీళ్లలో నిప్పేమిటే, నీ మొహం" అంది ఓబుళమ్మ.

"కంటికి కనపడని నిప్పు తల్లీ. నా పిల్లలకు తోకలైనా ఊడలేదు, అన్నీ పోయాయి."

బాలింతరాలున్న ఇంట్లో ఇలాంటి మాటలు వినకూడదని ఓబుళమ్మ చెవులు మూసుకుంది. కప్ప కుంటుకుంటూ అరటిమొక్కల్లోకి పోయింది.

తర్వాత ఆవు వంతు. కుడితి తొట్లో ఆ నీళ్లు పోస్తే, మూతి పెట్టి వెంటనే తీసేసింది. ఆవు నోరు విప్పలేదు. విప్పి ఉంటే బావుండేది. ఓబుళమ్మ ముఖంలోకి ఒకసారి చూసి, తొట్టిని కొమ్ముతో అవతలికి నెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది.

"కొవ్వెక్కింది దీనికి" అంది ఓబుళమ్మ. అనడమైతే అంది గానీ, ఆ పూట ఆవిడకు అన్నం సయించలేదు.

ఇంతలో నాయకి బావిలో చేద వేసే రోజు వచ్చింది. పురుడు వెళ్లాక బాలింతరాలు బావికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తొలిచేద తోడితే గానీ ఇంటి పనిలో చెయ్యి పెట్టకూడదని మన ఆచారం. ముత్తైదువలందరూ వచ్చారు. నాయకి బావి గట్టంతా పచ్చగా పసుపు పూసింది. చేద తోడి గట్టు మీద పోసింది.

నీళ్లు తగిలిన చోటల్లా పసుపు నెత్తురులా ఎర్రబడింది.

నాయకి చేతిలో తాడు జారిపోయి చేద బావిలో పడ్డ చప్పుడు వినపడింది. ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పుడు అందరిలోకీ పెద్దావిడ చేతులు జోడించింది.

"గంగమ్మ పారాణి పెట్టుకుందమ్మా. దండం పెట్టండి" అంది.

హమ్మయ్య అనుకున్నారు అందరూ. భయపడి నిలబడ్డ మనిషికి ఎవరైనా ఒక మంచి మాట అందిస్తే, అది నిజమా కాదా అని చూసుకుంటాడా? దండాలు పెట్టారు, హారతులిచ్చారు. మాణిక్యశెట్టికి కబురు పోయింది, పరుగున వచ్చాడు. ఎర్రటి గట్టు చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. అది ఓబుళమ్మ ఒక్కతే చూసింది. మరుక్షణం శెట్టి సాష్టాంగపడ్డాడు.

"ఇది ఇక బావి కాదు, తీర్థం. దీన్ని శంకిస్తే అమ్మవారిని శంకించినట్టే" అని లేచి, బావికి వెండి గొడుగు పెట్టించాడు.

అప్పటి నుంచి ఓబుళమ్మ వట్టి ఓబుళమ్మ కాదు, ఓబుళమ్మగారు. జనం చెంబులు పట్టుకుని గుమ్మం ముందు బారులు తీరారు. ఆవిడ తన చేత్తో తీర్థం పోసేది. అందరికంటే ముందు లింగమ్మ వచ్చేది. చంటిదాని నోట్లో ఉగ్గుగిన్నెతో పోసేది. కప్ప మాట, ఆవు చూపు, శెట్టి ముఖం ఓబుళమ్మకు గుర్తుకొచ్చేవి. గుర్తుకొచ్చినప్పుడల్లా ఇంకొంచెం గట్టిగా గంగమ్మ పేరు తలుచుకునేది.

కానీ ఇంట్లో నాయకి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. కడుపులో మంట అంటుంది. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తోంది. పసివాడి పెదవుల లోపల పుండ్లు లేచాయి. ముందు గుక్కపట్టి ఏడ్చేవాడు. తర్వాత సన్నగా మూలిగేవాడు. తర్వాత అదీ మానేశాడు. ఓబుళమ్మ గంటకోసారి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది.

వైద్యుడి దగ్గరికి పరుగెత్తింది. "బాలింత వాతం. నీళ్లు ఎక్కువగా తాగించు" అన్నాడు.

పూజారి దగ్గరికి పరుగెత్తింది. "అమ్మవారి పరీక్ష. తీర్థం మాత్రం మానకు" అన్నాడు.

శెట్టి దగ్గరికి వెళ్లింది. ఆయన పెరట్లో ఎడ్లబండి ఆగి ఉంది. బండి నిండా నీళ్ల కుండలు. తడి గుడ్డ కప్పిన ఆ కుండలు దూరాన ఉన్న ఏటి నుంచి వచ్చాయి. ఓబుళమ్మ ఆ కుండల వైపు చూసింది. ఓబుళమ్మ చూడటం శెట్టి చూశాడు.

"దిష్టి తగిలి ఉంటుంది, ఎర్రనీళ్లతో తీసెయ్" అన్నాడు శెట్టి నెమ్మదిగా. "అన్నట్టు, ఇంట్లో బాలింతరాలు, పసిబిడ్డ, మగదిక్కు లేదు. నోరు కాస్త జాగ్రత్తమ్మా."

ఓబుళమ్మ ఎలాగో ఇల్లు చేరింది. దీపాలవేళ మనవడికి దిష్టి తీద్దామని పళ్లెంలో బావినీళ్లు పోసి, పసుపు వేసి, సున్నపు కాయ అందుకుంది. పసుపులో సున్నం కలిస్తేనే కదా ఎర్రనీళ్లు అయ్యేది.

సున్నపు కాయ మూత ఇంకా తీయనే లేదు. పళ్లెంలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆవిడ అలాగే నిలబడిపోయింది. పసుపులో సున్నం లాంటి ఘాటు కలిస్తే ఎర్రబడుతుంది. ఈ సంగతి తెలియని ఆడది ఊళ్లో ఉందా? లేదు. అందరి చేతులూ రోజూ చేసే పనే అది. అందరికీ తెలుసు, ఆ రోజు బావి దగ్గర ఒక్కరూ అనలేదు. అనడానికి భయం వేసింది. దిష్టి నిమ్మకాయ కోసింది. రసం పళ్లెంలో పడింది. పడిన చోట ఎరుపు విరిగి మళ్లీ పచ్చటి పసుపు తేలింది.

ఆ క్షణాన ఓబుళమ్మకు అంతా తెలిసిపోయింది. ఇంట్లో బావినీళ్లు పారబోసింది. గంగాళంలో పట్టి ఉంచిన వాననీళ్లు కాచి కూతురికి పట్టించింది. ఇంతవరకు బాగానే చేసింది. మరి ఊరికి? చెబితే అమ్మవారిని అవమానించానని ఊరు రాళ్లు రువ్వుతుంది. శెట్టి బతకనివ్వడు. మనవడు కోలుకుంటే అప్పుడు చెబుదాంలే అనుకుంది. తెల్లారాక జనం చెంబులతో వస్తే, రోజూ పోసినట్టే పోసింది. లింగమ్మ చెంబులోనూ పోసింది.

ఆ మరుసటి పొద్దున పక్కింట్లో ఏడుపు. లింగమ్మ ఉయ్యాల ఖాళీ అయింది. వీధి చివర ఇంకో ఉయ్యాల, గుడి పక్కన మరో ఉయ్యాల. మూడు ఇళ్లలో ఒకేసారి ఏడుపులు లేచాయి.

అదే పూట రాజు కీర్తిసేనుడు పరివారంతో నీలగట్టుకు వచ్చాడు. రాణి నిండుచూలాలు, ఆవిడకు ఈ తీర్థం తీసుకెళ్లాలని. శెట్టి వెండి చెంబులో నీళ్లు తోడి, రాజు చేతికి అందించబోయాడు.

"తాగకండి ప్రభూ, తాగించకండి" అంటూ ఓబుళమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది.

"అపచారం. ఈమెకు మతి పోయింది, లాగెయ్యండి" అన్నాడు శెట్టి.

"ఆగండి. చెప్పనివ్వండి" అన్నాడు రాజు.

ఓబుళమ్మ ఆ చెంబులో చిటికెడు పసుపు వేసింది. నీళ్లు నెత్తురులా ఎర్రబడ్డాయి. జనం చేతులు జోడించారు. ఆవిడ కొంగులోంచి నిమ్మకాయ తీసి, కోసి, అందులో పిండింది. ఎరుపు మాయమైంది.

"నిమ్మకాయకు దెయ్యం దిగుతుంది గానీ దేవత దిగుతుందా ప్రభూ? ఇది గంగమ్మ పారాణి కాదు. ఎగువన దిగుడుబావిలో పోసిన క్షారం. భూదేవి మింగలేదు, మా బావుల్లో కక్కింది. ఆ నూరిన రాళ్లలో ఇంకా ఏ విషం ఉందో ఆ శెట్టిగారికే తెలియాలి."

"అబద్ధం" అన్నాడు శెట్టి.

"అబద్ధమైతే నా తల తీయించండి. దానికి ముందు ఆయన్ను ఈ బావినీళ్లు ఒక్క చెంబెడు తాగమనండి. ఏటినీళ్లు బండి మీద తెప్పించుకునే మనిషి, ఊరి నీళ్ల రుచి కూడా చూడాలి కదా."

రాజు శెట్టి వైపు చూశాడు. తానే కొత్తగా చేద తోడి చెంబు నింపి అందించాడు. శెట్టి తీసుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు. చెంబు ఒరిగి నీళ్లు ఆ తెల్లటి పంచె మీద ఒలికాయి. మూడుసార్లు ఎత్తాడు, మూడుసార్లు దించాడు. తాగలేదు.

రాజు అక్కడికక్కడే చలువశాల మూయించాడు. ఊళ్లో బావులన్నిటికీ బండలు కప్పించాడు. శెట్టి ఆస్తితో ఏటి నుంచి ఊరిదాకా కాలువ తవ్వమన్నాడు. అది పూర్తయ్యేదాకా శెట్టి తానే కావడి భుజాన వేసుకుని, ఇంటింటికీ ఏటినీళ్లు మోయాలని, ఉయ్యాల ఖాళీ అయిన ఇళ్లకు ముందుగా మోయాలని తీర్పు చెప్పాడు.

కొన్నాళ్లకు నాయకి లేచి తిరిగింది. ఒక పొద్దున పసివాడు ఆకలికి గుక్కపట్టి ఏడ్చాడు. ఓబుళమ్మ వాణ్ణి ఎత్తుకుని తనూ ఏడ్చింది, వీధంతా వినపడేలా ఏడ్చింది.

ఆ ఏడుపు విని లింగమ్మ తన గుమ్మంలోకి వచ్చింది. "బాబు బాగున్నాడా వదినా?" అని అడిగింది.

"బాగున్నాడు" అంది ఓబుళమ్మ.

లింగమ్మ పసివాడి వైపు చూసింది. తర్వాత అడిగింది. "వదినా, ఆ నీళ్ల సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

ఓబుళమ్మ అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "రాజుగారు రావడానికి రెండు రోజుల ముందు, దీపాలవేళ" అంది.

ఆ తెల్లారి తన చెంబులో నీళ్లు పోసిన చెయ్యి లింగమ్మకు గుర్తుంది. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. నెమ్మదిగా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఊరు ఊరంతా ఓబుళమ్మను మెచ్చుకుంది గానీ, ఆ తలుపు మాత్రం ఓబుళమ్మకు మళ్లీ తెరుచుకోలేదు.

అందుకే పిల్లలూ, అనుమానం వచ్చిన రోజే నోరు విప్పాలి. పెద్దలు భయపడి చేసే ఆలస్యాన్ని తాగేది పసివాళ్లే.