తూకంలో పెరిగిన దేశం

ఒకానొక రాజ్యంలో రాజుగారు ఎంత లావైతే దేశం అంత బాగున్నట్టు లెక్క. నవ్వకండి, అక్కడి శాసనమే అది.

ఆ రాజ్యం పేరు మేఘాద్రి, రాజు పేరు విజయకేతుడు. ఏటా ఆయన పుట్టినరోజున కోట ముంగిట పెద్ద త్రాసు కట్టి, ఒక తట్టలో రాజును కూర్చోబెట్టి, రెండో తట్టలో ఊళ్ళ నుంచి వచ్చిన బెల్లం దిమ్మలు పేర్చేవారు. నిరుటికంటే ఎక్కువ బెల్లం పడితే దేశం పెరిగినట్టు. దేశం పెరిగింది గనక పన్నూ పెంచేవారు. రాజుగారు మంచి భోజనప్రియులు కాబట్టి దేశం తగ్గిన ఏడాది ఎవరూ చూసి ఎరగరు.

ఈ కొలత కనిపెట్టిన ఘనులు ఆస్థానంలోని ఇద్దరు ఆర్థిక పండితులు, అనంతావధాని, కేశవభట్టు. వాళ్ళిద్దరికీ ఒక్క క్షణం పడదు. ఒకరు అవునంటే రెండోవారు కాదనాల్సిందే. ఆ వాదన వినడానికి సభ కిటకిటలాడిపోయేది. తీరా ఇంటికెళ్ళి చెప్పులు విప్పాక గాని, ఇద్దరూ చెప్పింది ఒకటేనని జనానికి తట్టేది కాదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరకు తోటలు నిలువునా ఎండిపోయాయి. బెల్లం పంపలేని ఊళ్ళ మీద భటులు పడి, గానుగ ఎద్దులను తోలుకొచ్చి కోట గోడ పక్కన కట్టేశారు. పుట్టినరోజు విందు ముగియగానే వాటిని వేలం వేస్తారని చాటింపు వేయించారు.

పుట్టినరోజు ఉదయం ఆస్థాన విదూషకుడు తిప్పన కోటలోకి వెళుతుంటే, ఎద్దుల కోసం వాకిట కూర్చున్న జనంలోంచి పోలినాయుడనే ముసలి రైతు దారికి అడ్డంగా లేచి నిలబడ్డాడు.

"బాబూ, ఆ ఎర్రెద్దు, ఆ పక్క మచ్చలది నాయే. ఈ జత పోతే తొలకరికి కాడి నేనూ నా ఆడదీ ఎత్తుకోవాల. నీ మాట రాజుగోరు ఇంటారంట గదా?"

తిప్పన ఆయన భుజం తట్టి లోపలికి నడిచాడు. మనసు మాత్రం బయటే ఉండిపోయింది.

తూకం మొదలైంది. రాజు తట్టలో కూర్చున్నాడు. అవతల, ఊళ్ళలో మిగిలిన పాత బెల్లమంతా ఊడ్చి తెచ్చిన దిమ్మ మీద దిమ్మ పడుతూనే ఉంది. ఎట్టకేలకు రాజుగారి తట్ట నేల విడిచింది. భేరీలు మోగాయి.

"ప్రభూ, దేశం బ్రహ్మాండంగా పెరిగింది!" అన్నాడు అనంతావధాని.

"పెరిగింది. కానీ నిరుడు పెరిగినంత వేగంగా పెరగలేదు. ఇది ఆందోళన కలిగించే విషయం," అన్నాడు కేశవభట్టు.

"వేగం తగ్గడం నిలకడకు గుర్తు."

"కాదు, నీరసానికి గుర్తు. ప్రభువులు పూటకు మరో గిన్నెడు నెయ్యి పుచ్చుకుంటే తప్ప దేశం కోలుకోదు."

రాజు గంభీరంగా తల పంకించాడు. దేశం కోసం ఆ మాత్రం కష్టం పడడానికి ఆయన ఎప్పుడూ వెనకాడలేదు.

తిప్పన ఇక ఆగలేకపోయాడు. "ప్రభూ, దేశం అంతగా పెరిగితే వాకిట కూర్చున్న జనం డొక్కలు వీపుకు ఎందుకు అంటుకుపోయాయి?"

అనంతావధాని జాలిగా నవ్వాడు. "తిప్పనా, నీకు శాస్త్రం తెలియదు. రాజు దేశానికి నోరు. నోరు తింటే ఒళ్ళంతటికీ బలం రాదూ? ప్రభువులు భోంచేస్తే ప్రజల కడుపులు వాటంతటవే నిండుతాయి."

"ఈ ఒక్క విషయంలో నాకూ అభ్యంతరం లేదు," అన్నాడు కేశవభట్టు. సభ నివ్వెరపోయింది.

రాజు మీసం మెలేశాడు. "విన్నావా తిప్పనా? నా పుట్టినరోజు పూట అపశకునం పలికావు. నేను తింటే ప్రజల కడుపులు నిండుతాయన్న మాట తప్పని ఈ పండితుల నోటితోనే చెప్పించు. పొద్దు గూకేలోగా చెప్పిస్తే ఎద్దులను వదిలేస్తాను. లేకపోతే సగం మీసం గొరిగించి నిన్ను పొలిమేర దాటిస్తాను."

ఆ ఇద్దరూ ఏనాడూ ఏ తప్పూ ఒప్పుకున్నవాళ్ళు కారు. అయినా తిప్పన తొణకలేదు. "చిత్తం ప్రభూ. ఇవాళ విందులో వడ్డన మాత్రం నాకు వదిలెయ్యండి."

"అలాగే వడ్డించు. పోయే ముందు కాస్త పుణ్యమైనా దక్కుతుంది."

రాజుగారి బంతికి ఒక మర్యాద ఉంది. ఆయన లేవకముందు ఎవరూ లేవకూడదు. పండితులిద్దరూ ఎప్పటిలాగే రాజుకు ఎదురుగా, సేనాపతి పక్కన కూర్చున్నారు. తిప్పన రాజుగారి ఆకు నిండా పులిహోర, గుమ్మడికాయ పులుసు, నేతిలో తడిసిన బొబ్బట్లు వడ్డించాడు. మిగతావాళ్ళకూ వడ్డించాడు. పండితుల ఆకుల మీద మాత్రం నీళ్ళు చల్లి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తమకోసం ప్రత్యేకంగా ఏదో వండుతున్నారని వాళ్ళు మురిసిపోయారు.

ఎంతసేపటికీ ఏమీ రాలేదు. చివరికి తిప్పనే వచ్చి వంగి అడిగాడు. "అవధానిగారూ, ప్రభువులు పులిహోర రెండోసారి కూడా ముగించారు. తమకు కడుపు బరువెక్కిందా?"

"ఏమిటా వేళాకోళం? వడ్డించు!"

"ఇంకేం వడ్డించను స్వామీ? అక్కడ దేశం నోరు తింటూనే ఉందిగా. ఆకలేస్తోందంటే చెప్పండి, శాస్త్రం తప్పిందని ప్రభువులకు మనవి చేస్తాను."

అనంతావధాని గుటక మింగాడు. "ఆకలా? ఛ ఛ! ఫలితం అందడానికి కొంత వ్యవధి పడుతుంది."

"వ్యవధి కాదు, మోతాదు చాలలేదు. ప్రభువులు ఇంకాస్త తినాలి," అన్నాడు కేశవభట్టు.

ఖాళీ ఆకుల ముందు కూర్చుని ఇద్దరూ వాదించుకోసాగారు. ఇంకాస్త తినాలన్న మాట చెవిన పడగానే రాజు భక్తిగా మరో బొబ్బట్టు అందుకున్నాడు. నేతి వాసన గుప్పుమంది. అంతలో కేశవభట్టు కడుపు గుర్రుమని బంతి చివరిదాకా వినిపించింది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు రాజు.

"దేశం పెరుగుతోంది ప్రభూ," అన్నాడు తిప్పన.

కేశవభట్టుకు ఇక ఆగడం చేతకాలేదు. సేనాపతి ఆకులోంచి ఒక బొబ్బట్టు లాగి నోట్లో కుక్కుకున్నాడు. అనంతావధాని అతని చెయ్యి పట్టుకున్నాడు. "సగం నాకియ్యవయ్యా!"

"ప్రభువులు తింటున్నారుగా, ఓర్చుకో. నీ కడుపూ నిండుతుంది," అన్నాడు కేశవభట్టు నములుతూ.

"ఆయన తింటే నా కడుపెలా నిండుతుందిరా మూర్ఖుడా!" అని అరిచాడు అనంతావధాని.

రాజుగారి చెయ్యి ఆకుకూ నోటికీ మధ్య ఆగిపోయింది.

తిప్పన చేతులు జోడించాడు. "ప్రభూ, పండితుల నోటితోనే వచ్చింది. వీళ్ళు పస్తున్నది ఒక్క పూట. వాకిట ఉన్నవాళ్ళకు చెరకు ఎండినప్పటి నుంచీ ఇదే విందు."

రాజు తన బొజ్జ వైపు చూసుకున్నాడు, వాకిలి వైపు చూశాడు. ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత ఆ బొజ్జ మెల్లగా కదలడం మొదలైంది. చూస్తుండగానే రాజు పగలబడి నవ్వాడు.

"ఓరి తిప్పనా! నా ఇంటి విందులోనే నన్ను గెలిచావు కదరా!" అని మెళ్ళోని ముత్యాల హారం తీసి అతని మెళ్ళో వేశాడు. "ఎవరక్కడ? ఎద్దుల పలుపులు విప్పండి, ఎవరివి వాళ్ళకు అప్పగించండి! మరి వచ్చే ఏడు దేశాన్ని దేంతో కొలవాలో కూడా నువ్వే చెప్పు."

"రైతును తూచండి ప్రభూ. ఆయన బరువు పెరిగితేనే పన్ను పెంచండి. ఒక్కరూ కాదనరు."

"అదే శాసనం!" అంటూ రాజు లేచి, రైతులందరినీ లోపలికి పిలిపించి బంతిలో కూర్చోబెట్టాడు. నేతి గిన్నె తానే చేతికి తీసుకున్నాడు. రైతును భోజనానికి ముందు తూచాలా, తర్వాత తూచాలా అని పండితులిద్దరూ అప్పుడే మూల చేరి కొట్లాట మొదలెట్టారు.

పోలినాయుడు ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "సాలు మారాజా, సాలు! పొట్టలో సోటు లేదు."

"చెయ్యి తియ్యి నాయుడూ!" అన్నాడు రాజు నవ్వు ఆపుకోలేక, నెయ్యి ఒంపుతూ. "నువ్వు లావెక్కకపోతే నా ఖజానా ఏం గాను?"