పలుకుబండ పరుగు

కొమ్మువాగు అడవిలో దుప్పులు, కణుతులనే పెద్ద జింకలు, కుందేళ్ళు, అడవిపందులు, ముళ్ళపందులు కలిసి బతికేవి. అడవికి తూర్పున ఒక ఎత్తైన కొండ ఉండేది. కొండ నెత్తిన ఒక పెద్ద బండ. దాని మీద నిలబడి ఎవరు ఏ మాట అన్నా ఎదుటి కొండ అదే మాట తిరిగి అనేది. అందుకే దాన్ని పలుకుబండ అనేవారు.

ఆ కొండ పెద్దపులిది. ఏడాది పొడవునా అటు కాలు పెట్టడానికి ఎవరికీ గుండె చాలేది కాదు. వానలు వెనకబట్టాక ఒక్క రోజు మాత్రం పులి దారి విడిచేది. ఆ రోజు పొద్దున్నే జంతువులన్నీ వాగు రేవులో బయలుదేరి, గడ్డిబయలు దాటి, వెదురుపొదల్లోంచి, రాళ్ళగుట్ట మీదుగా బండ దాకా పరుగెత్తేవి. నడుచుకుంటూ పోతే పొద్దు కుంకేలోగా చేరే దూరం కాదది.

బండ ఎక్కినవాళ్ళు ఎవరి పేరు వాళ్ళు గట్టిగా పిలుచుకోవాలి. కొండ ఆ పేరు పలికితే కింద అడవంతా వింటుంది. అప్పుడే చేరినట్టు లెక్క. ముందు చేరావా, వెనక చేరావా అని ఎవరూ అడగరు. పేరు పలికినవాళ్ళను దిగిపోయేదాకా పులి ముట్టదు గానీ, పొద్దు కుంకిందంటే మాత్రం కొండ మళ్ళీ పులిదే. ఈ విషయంలో పులికి మొహమాటం లేదు.

ఆ అడవిలో ములకమ్మ అనే ముళ్ళపంది ఉండేది. పొట్టి కాళ్ళు, బరువు ఒళ్ళు. పరుగెత్తితే వీపు మీది ముళ్ళు గలగలమనేవి. ఆ చప్పుడు విని కుందేలు పిల్లలు దారి పొడవునా నవ్వేవి.

ములకమ్మ చిన్నగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఒక ఏడు ఆ పరుగుకు వెళ్ళింది. బిడ్డ బొరియ గుమ్మంలో కూర్చుని పొద్దంతా ఎదురుచూసింది. పొద్దు వాలే వేళకు కొండ మీంచి పిలుపు వినిపించింది.

"ములకా!"

తన పేరు పిలుచుకోవలసిన చోట ఆ తల్లి బిడ్డ పేరు పిలిచింది. ఆచారం తప్పిందని పెద్దలు సణిగారు. ఆ ఏడు ఆమె చేరినట్టు లెక్క వెయ్యలేదు. ఆమె నవ్వేసి ఊరుకుంది. మరుసటి వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయింది.

ములకమ్మ పెద్దదయింది. తన తిండి తాను తవ్వుకుంది, తన బొరియ తాను బాగుచేసుకుంది. కానీ జడివాన కురిసినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు అమ్మ మీద బెంగ పుట్టేది. అమ్మ ముఖం ఆమెకు గుర్తుంది. అమ్మ నడక గుర్తుంది. గొంతు మాత్రం ఏటికేడు చెదిరిపోసాగింది. కళ్ళు మూసుకుని ఎంత వెతుక్కున్నా ఆ పిలుపు ఎలా ఉండేదో చెవికి అందేది కాదు. దానికంటే పెద్ద దుఃఖం ఆమెకు ఇంకొకటి లేదు.

అడవిలో ఒక నమ్మకం ఉండేది. ఒకసారి విన్న గొంతును కొండ మరిచిపోదని, లోపల దాచుకుంటుందని చెప్పుకునేవారు. ఆ మాట పట్టుకుని ములకమ్మ రెండేళ్ళు వరసగా పరుగుకు వెళ్ళింది. రెండుసార్లూ దుప్పుల గుంపుతో సమానంగా దూకి, గడ్డిబయలు చివర ఊపిరందక కూలబడింది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని అందరూ నవ్వారు. ఆ మాటకు నక్కలు కూడా నొచ్చుకున్నాయి.

మూడో ఏడు వానలు పడుతుండగానే ఆమె వాగు ఒడ్డున పరుగు సాధన మొదలుపెట్టింది. ఒక పొద్దున ఎవరో వెనక నుంచి పిలిచారు.

"ఏమే పిల్లా, ఇల్లు గాని అంటుకుందా?"

చూస్తే బోసవ్వ. బోసవ్వ ముసలి తోడేలు. పళ్ళన్నీ ఊడిపోయాయి. గుంపు ఎప్పుడో వేరే అడవికి వెళ్ళిపోయింది. ఆమెను చూసి భయపడేవాళ్ళు లేరు, పలకరించేవాళ్ళూ లేరు.

"పలుకుబండ దాకా పోవాలవ్వా," అంది ములకమ్మ రొప్పుతూ. అంతకు మించి మాట రాలేదు.

"ఇలా పోతే గడ్డిబయలు కూడా దాటలేవు," అంది బోసవ్వ. "మేం తోడేళ్ళం పొద్దంతా పరుగెత్తేవాళ్ళం. ఎలాగనుకున్నావు? కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తేవాళ్ళం. నోట మాట ఆగిపోతోందంటే కాళ్ళు హద్దు దాటాయని అర్థం. రేపటి నుంచి నాతో రా. దారి పొడవునా ఏదో ఒకటి చెబుతూ ఉండు. మాట తడబడితే మెల్లగా పో. సాగితే అదే నీ వేగం."

మర్నాటి నుంచి ఇద్దరూ పొద్దున్నే కలిసి పరుగెత్తేవారు. మొదట్లో అది పరుగంటే ఎవరూ నమ్మరు. వాగులో పీత కూడా వాళ్ళను దాటిపోయేట్టుంది. ములకమ్మ ఏ దుంప ఎక్కడ దొరికిందో చెప్పేది. ఉడుము ఇంట్లో గొడవ చెప్పేది. అవీ అయిపోయాక అమ్మ సంగతులు చెప్పేది. బోసవ్వ ఊఁ కొట్టేది. చాలా కాలం తర్వాత తనకు ఊఁ కొట్టే పని దొరికిందని ఆ ముసలిదానికి లోలోపల సంతోషంగా ఉండేది.

గడ్డిబయల్లో చెంగడు అనే జింక ఉండేవాడు. మైదానం నుంచి మందతో కొత్తగా వచ్చిన పడుచు జింక. బయల్లో వాడిని మించి పరుగెత్తేవాళ్ళు లేరు. నలుగురూ చూస్తుంటేనే పరుగెత్తేవాడు. ఎవరూ చూడకపోతే మేస్తూ ఉండేవాడు. రాళ్ళగుట్ట వైపు ఒక్కనాడూ వెళ్ళి చూడలేదు.

"ఏం ములకమ్మా, ఎవరి పెళ్ళికి ఊరేగింపు?" అని అడిగేవాడు చెంగడు. "గజ్జెల చప్పుడు వినిపిస్తోంది, పెళ్ళికొడుకేడీ?"

ఒకనాడు ఆ మాట ములకమ్మకు బాగా గుచ్చుకుంది. బోసవ్వ వద్దంటున్నా వినకుండా చెంగడితో పందెం వేసి బయలంతా ఉరికింది. ఓడిపోయింది. పైగా కాలు బెణికింది. కొన్నాళ్ళు బొరియలోనే పడుకోవలసి వచ్చింది.

"వాడి నోటికి నీ కాళ్ళను అప్పజెప్పావు," అంది బోసవ్వ. అంతకు మించి తిట్టలేదు. కాలు నయమయ్యే దాకా రోజూ వచ్చి బొరియ బయట కూర్చుంది.

అప్పుడే ములకమ్మ చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగింది. "అవ్వా, మా అమ్మ గొంతు ఆ కొండ దగ్గర ఉందా?"

"నీకు అబద్ధం చెప్పలేనే," అంది బోసవ్వ. "నా గుంపు వెళ్ళిపోయాక నేనూ ఆ మాట నమ్మి ఒక ఏడు పైకి వెళ్ళాను. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను. నా గొంతే తిరిగి వచ్చింది. ఆ కొండకు దాచుకునే గుణం లేదు తల్లీ. ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి ఇచ్చేస్తుంది."

ములకమ్మ ఆ రోజు తిండి ముట్టలేదు. ఇన్నేళ్ళూ పట్టుకుని వేలాడిన కొమ్మ ఊడి చేతికొచ్చినట్టయింది. ఇక పరుగెత్తి ఏం లాభం అనుకుంది.

అయినా కాలు నయమైన మర్నాడు వాగు ఒడ్డుకు వచ్చింది. "గొంతు లేకపోతే పోనీ అవ్వా," అంది. "అమ్మ నిలబడ్డ చోట ఒక్కసారి నిలబడాలి."

"అయితే పద. కబుర్లు మొదలుపెట్టు," అంది బోసవ్వ.

పరుగు రోజు వచ్చింది. జంతువులన్నీ రేవులో గుమిగూడాయి. "మధ్యాహ్నానికల్లా నా పేరు వింటారు. చెవులు రిక్కించుకుని ఉండండి," అని చెంగడు తన మందకు చెప్పాడు. లేడికి లేచిందే పరుగు అంటారు. ఇంకా అందరూ సర్దుకుని నిలబడక ముందే వాడు దూకేశాడు. వాడిని చూసి మిగిలినవాళ్ళూ దూకారు.

రేవులో ములకమ్మ ఒక్కతే వెనకబడింది. బోసవ్వకు ఇప్పుడు కొండ ఎక్కే సత్తువ లేదు. అక్కడే కూర్చుండిపోయింది.

"ఇవాళ ఎవరితో మాట్లాడాలవ్వా?" అని అడిగింది ములకమ్మ.

"మీ అమ్మ పోయాక జరిగినవన్నీ మీ అమ్మకు చెప్పుకుంటూ పో. చాలా ఉంటాయి," అంది బోసవ్వ.

నిజంగానే చాలా ఉన్నాయి. ములకమ్మ చెబుతూ పరుగెత్తింది. బొరియ కప్పు కూలిన సంగతి చెప్పింది. మొదటిసారి ఒంటరిగా దుంప తవ్వుకున్న సంగతి చెప్పింది. గడ్డిబయలు దాటింది. వెదురుపొదల్లో అక్కడక్కడా అలిసిపోయి పడుకున్న కుందేళ్ళు ఆమెను విచిత్రంగా చూశాయి. తనలో తాను మాట్లాడుకుంటోంది, మతి పోయిందనుకున్నాయి. మాట తడబడిన చోటల్లా ములకమ్మ వేగం తగ్గించుకుంది. దప్పికయితే ఊట దగ్గర ఒక్క గుక్క తాగి కదిలింది.

పొద్దు వాలుతుండగా రాళ్ళగుట్ట మొదట్లో చెంగడు కనిపించాడు. నురగలు కక్కుతూ పక్కకు ఒరిగి ఉన్నాడు. గడ్డిబయల్లో మెప్పు కోసం సత్తువంతా ఖర్చుపెట్టి, దప్పికకు ఆగలేక ఊటలో కడుపు పగిలేలా నీళ్ళు తాగాడు. కడుపు మెలిపెట్టి అక్కడే చతికిలపడ్డాడు. దుప్పులు, కణుతులు ఎప్పుడో వాడిని దాటిపోయాయి.

"లే తమ్ముడూ, మెల్లగా నాతో రా," అంది ములకమ్మ. "ఏదైనా చెబుతూ నడువు, ఊపిరి దారిలో పడుతుంది."

"నీ వెనకా? నేనా?" అన్నాడు చెంగడు. ముళ్ళపంది వెనక నడిస్తే మంద ఏమనుకుంటుంది? రోషంతో లేచి రాళ్ళ మీదికి ఒక్క గెంతు గెంతాడు. మెత్తటి గడ్డికి అలవాటైన గిట్ట రాతి పగుల్లో ఇరుక్కుని చీలింది. వాడు అరిచి కూలబడ్డాడు.

ములకమ్మకు జాలేసింది. పొద్దు వైపు చూసింది. "కదలకుండా ఇక్కడే ఉండు. దిగి వచ్చే కణుతులు నిన్ను తీసుకెళతాయి. వాళ్ళు రాకపోతే నేనే వస్తాను," అంది.

చెంగడు తల వంచుకున్నాడు. "బండ ఎక్కాక నా పేరు కూడా ఒకసారి పిలువక్కా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నీకు తెలుస్తుందిగా," అని ములకమ్మ పైకి సాగింది.

దారిలో దిగివస్తున్న కణుతులు ఎదురయ్యాయి. చెంగడి సంగతి వాటికి చెప్పింది. ఆ సాయంత్రం వాళ్ళ మీద ఆనుకుని, కుంటుకుంటూ చెంగడు కొండ దిగాడు. వాడి మంద మధ్యాహ్నం నుంచి చెవులు రిక్కించుకునే ఉంది. వాడి పేరు మాత్రం వినబడలేదు.

చివరి ఎక్కుడు నిలువుగా ఉంది. పొద్దంతా మాట్లాడి ములకమ్మ గొంతు బొంగురుపోయింది. దుమ్ముకు నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా మాట ఆపలేదు. "ఇంకొంచెమే అమ్మా, ఇంకొంచెమే," అంటూ పాకింది. బండ ఎక్కేసరికి సూర్యుడు పడమటి చెట్ల మీద అంచుమాత్రం మిగిలి ఉన్నాడు. అక్కడ ఎవరూ లేరు. అందరూ పిలుచుకుని, విని, వెళ్ళిపోయారు.

ములకమ్మకు దుఃఖం ఆగలేదు. తన పేరు పిలుచుకోవలసిందిపోయి "అమ్మా!" అంది.

"అమ్మా!" అంది కొండ. అది అమ్మను వెతుక్కునే బిడ్డ కేక. బోసవ్వ నిజమే చెప్పింది. ఇక్కడ అమ్మ లేదు.

సూర్యుడి అంచు సన్నబడింది. కిందెక్కడో పులి ఆవులించిన చప్పుడయింది. ములకమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒంట్లో మిగిలిన ఊపిరంతా కూడగట్టుకుని, బొంగురుపోయిన గొంతుతో తన పేరు తాను పిలుచుకుంది.

"ములకా!"

కొండ ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత అవతలి నుంచి, కొండంతా ఎక్కి అలిసిపోయిన ఒక ముళ్ళపంది గొంతు, బొంగురుగా, ప్రేమగా పిలిచింది.

"ములకా!"

ములకమ్మ వీపు మీది ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. అది అమ్మ గొంతు. ఏళ్ళ తరబడి చెవికి అందకుండా పోయిన గొంతు అదే. ఆనాడు అమ్మ కూడా ఇలాగే పొద్దంతా పరుగెత్తి, ఇలాగే గొంతు బొంగురుపోయి, ఇక్కడే నిలబడి పిలిచింది. ఆ గొంతును కొండ దాచలేదు. అది తన గొంతులోనే ఉండిపోయింది.

"వస్తున్నానమ్మా," అంది ములకమ్మ. చీకటి పడకముందే కొండ దిగడం మొదలుపెట్టింది.

నీతి: మెప్పు కోసం పరుగెత్తేవాడికి సగం దారిలోనే ఊపిరి తీరుతుంది, తన ఊపిరి తానెరిగి సాగేవాడికే కొండ బదులు పలుకుతుంది.