మేత సంచులు, కొంగగారి సలహా

కొల్లేటి పక్కన ఒక చేపల చెరువు. అందులోవి నీళ్లు కావు, పచ్చటి పప్పుచారు. ఎండలేమో మండిపోతున్నాయి. తూము మూసేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, కోళ్లఫారం పెంట ట్రాక్టర్లతో తెచ్చి ఎరువని గుమ్మరించారు. తెల్లారేసరికి ఆ నీళ్లలో ఊపిరుండదు. చేపలన్నీ పైకి తేలి, నోళ్లు తెరుచుకుని గాలికి గుటకలేస్తుంటాయి. గట్టు మీద కొంగ జపం చేసుకుంటూ ఉంటుంది. దాని జపం అయ్యేసరికి చెరువులో కొన్ని చేపలు తగ్గుతాయి.

ఇదంతా అడుగునుంచి చూస్తుండేది జెల్ల. అదెవరూ పెంచిన చేప కాదు, కాలవ నీళ్లతో కొట్టుకొచ్చిన మీసాల పిల్ల. నోటికి అడ్డూ అదుపూ లేదు. ఆ చెరువులో దాన్ని "రామ్మా" అన్నది ఒక్క శీలావతి అత్తే. ఆ అత్తే ఇప్పుడు చిక్కి సగమైపోయింది.

"అత్తా, మేత తింటున్నావా?"

"ఊపిరే ఆడట్లేదు, మేతెక్కడ దిగుద్దే?"

"ఎవరూ తినట్లేదుగా! మరి సంచులెలా ఖాళీ అవుతున్నాయి?"

సంచులంటే మేత సంచులు. చెరువు మధ్యలో గెడకర్రలకి కట్టుంటాయి. అడుగున చిల్లులు. చేపలు మూతితో పొడిస్తే తవుడు రాలుద్ది. బాగా పొద్దెక్కాక కాపలా సైదులు దోనె మీదొచ్చి సంచులు లేపి చూస్తాడు. ఖాళీగా ఉంటే "భలే తిన్నాయిరా!" అని మళ్లీ నింపుతాడు. ఎండ పడ్డాక నీళ్లు కాస్త తేరుకుని చేపలు కిందికి దిగిపోతాయి కాబట్టి, పొద్దుటి గుటకలు అతని కంట పడనే పడవు.

అత్త బొచ్చె పెదనాన్న వైపు చూసింది. చెరువులో అందరికన్నా పెద్ద తలకాయ ఆయనది. లోపల ఏముందో ఎవరూ చూళ్లేదు.

"మేమే కుదిపి కింద పోసేస్తున్నాం," అన్నాడు పెదనాన్న గొప్పగా. "కొంగగారు చెప్పారు. సంచిలో మేత మిగిలితే, ఇవింక పెరగవని సైదులు వలేయించేస్తాడంట."

"కొంగ... గారా? పొద్దున్నే మనల్ని ఫలహారం చేసేవాడు మన బాగు కోరతాడా పెదనాన్నా?"

"పిలవని పేరంటానికొచ్చి పెద్దోళ్లకి బుద్ధులు చెప్తావా?"

"పేరంటమా? మీరు పోసిందంతా నా నెత్తినే పడుతోంది! అడుగునుండేది నేను. తవుడంతా అక్కడ కుళ్లి బుడగలొస్తోంది. ఆ కుళ్లే మీ ఊపిరి తాగేస్తోంది."

పెదనాన్న నోరు తెరిచాడు. ఈసారి గాలి కోసం కాదు.

"సైదులికి మన మాట రాదు," అంది జెల్ల. "ఆ సంచే మన నోరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనమేమో కడుపు నిండిందని త్రేన్చి మరీ చూపిస్తున్నాం!"

"మరి నిజంగానే వలేస్తే?"

"వల సంగతి తర్వాత. అత్తని చూడు."

శీలావతి అత్త పక్కకి ఒరిగిపోయింది. తెల్లటి పొట్ట కనపడింది. చేపలన్నీ చుట్టూ మూగాయి.

"ఎవడూ సంచి ముట్టుకోకండి," అన్నాడు పెదనాన్న. గొంతులో గొప్ప లేదు.

మర్నాడు తెలతెలవారుతుండగా కొంగ వచ్చింది. సంచులన్నీ నిండుగా వేలాడుతున్నాయి. సైదులు చూశాడంటే మంచినీళ్లు వదుల్తాడు. ఫలహారం బంద్!

"ఏవండీ, సంచులు దించలేదేం? వల మాట మర్చిపోయారా?"

జెల్ల మీసాలు వాల్చుకుని పైకొచ్చింది. "మర్చిపోతామా మామా? చిల్లుల్లో తవుడు గడ్డకట్టింది. పొడుద్దామంటే మాకు మూతులు లేవట్లేదు. నీదేమో కత్తిలాంటి ముక్కు. సైదులొచ్చేలోపు నువ్వే నాలుగు పోట్లు పొడిస్తే..."

"అంతా నా చేత చేయించండి!" అని విసుక్కుంటూ కొంగ ఎగిరి సంచి మీద వాలింది. గబగబా పొడిచింది. ఈ చప్పుడుకి సైదులు లేస్తాడా అని జెల్ల గట్టు మీది పాక వైపు చూసింది. తడి సంచి కదా, కాలు జారింది. జారిన కాలు నైలాను తాడు ముడిలో దూరింది. లాక్కునేకొద్దీ బిగిసింది. కొంగ తలకిందులుగా వేలాడుతూ రెక్కలు టపటపా కొట్టుకుంది.

"జెల్లమ్మా! తాడు కొరకవే!"

"మూతి లేవట్లేదని చెప్పాగా మామా!"

ఆ గోలకి గట్టు మీద పాకలో పడుకున్న సైదులు దిగ్గున లేచాడు. "ఎవడ్రా నా సంచులు చింపేది!" అంటూ దోనె తోసుకొచ్చాడు. వచ్చి చూస్తే చెరువు నిండా తెరిచిన నోళ్లు. సంచి లేపాడు. బండలా బరువు, పుల్లటి కంపు.

"వామ్మో! ఇవి మేత ముట్టనే లేదు! నీళ్లు చచ్చిపోయాయి!" ఫోన్ తీసి అరిచాడు. "ఒరేయ్, ఉన్నపళంగా తూము ఎత్తండి! మేతా వద్దు, కోళ్లపెంటా వద్దు!"

తర్వాత కొంగ వైపు తిరిగాడు. తాడు కోశాడు, అది ఎగిరేలోపే తెడ్డుతో ఒక్కటి తగిలించాడు. కొంగ తోక ఈకలు దోనెలో వదిలేసి, జపం తపం మర్చిపోయి, కంటికి కనపడనంత దూరం పోయింది.

తూములోంచి చల్లటి నీళ్లు గలగలా దూకాయి. జెల్ల మూతితో నెట్టుకుంటూ, కొనఊపిరితో ఉన్న అత్తని తూము దగ్గరికి తీసుకెళ్లింది. అత్త మొప్పలు ఒకసారి కదిలాయి. మళ్లీ కదిలాయి. మెల్లగా నిటారుగా నిలబడింది.

"అబ్బ... ప్రాణం లేచొచ్చిందే పిల్లా!"

జెల్ల గబుక్కున అత్త రెక్క కింద దూరింది.

బాధ కనపడనిస్తేనే మందు దొరుకుద్ది. దాన్ని దాచమనేవాడు ఎప్పుడూ మన మంచి కోరేవాడు కాడు.