నక్క అయ్యవారి శుభ్రత పాఠం

టమాటా ధర పడిపోయి, కోసిన కాయలు తోటగట్టునే కుళ్ళుతున్నాయి. ఈ ఏడూ ఇంతే అయితే రైతు ఎద్దునీ కోళ్ళనీ సంతకు తోలేస్తాడని కొట్టంలో అందరికీ గుండెల్లో రాయి పడింది. సరిగ్గా అప్పుడే, టమాటాలను ఉప్పేసి ఒరుగులుగా ఎండబెట్టడం నేర్పిస్తానంటూ నక్క దిగింది.

ఒరుగుల గురించి దానికి తెలిసింది సున్నా. టౌన్లో శిక్షణ కేంద్రం కిటికీ కింద దాక్కుని శుభ్రత మీద ఒక్క పాఠం విన్నది. రెండోది మొదలయ్యేలోపే కుక్క తరిమింది. అయితేనేం, చివర్లో పరీక్ష పెడితే తలుపులు మూసిన గదిలో తనూ, బలిసిన కోళ్ళూ! అది తలుచుకుంటే తనంత పండితుడు లేడనిపించేది.

"కాళ్ళు కడగాలి, తలకు గుడ్డ కట్టాలి, మూతి మూయాలి. లేకుంటే పెద్ద ఆఫీసరొచ్చినా గదిలోకి రానివ్వకూడదు!" అని పెరట్లో నిలబడి దబాయించింది.

మర్నాడు రంగి అనే పెట్ట అడిగింది. "ఈ పొద్దు ఏం చెప్తారు అయ్యోరూ?"

"శుభ్రత, రెండో భాగం." అదే పాఠం, గొంతు మాత్రం కొంచెం పెంచి.

"మరి ముక్కలెట్ల కోయాల?"

"అది పరీక్షలో తెలుస్తుంది!"

మిగతాదంతా కోళ్ళే, కొన్ని కాయలు పాడుచేసుకుని నేర్చుకున్నాయి.

పరీక్ష రోజు నక్క పస్తుండి మరీ వచ్చింది. గుమ్మంలో ఎద్దు మైలయ్య అడ్డం నిలబడింది.

"మూతి, అయ్యోరూ."

"నేను మీ అయ్యవారినిరా!"

"పెద్ద ఆఫీసరైనా సరే అంటిరి గదా," అంది రంగి లోపల్నించి.

నక్క గతుక్కుమంది. గుడ్డే కదా, ఒక్క కొరుకుతో పోతుందిలే అనుకుని మూతి చాచింది.

"తమది పొడుగు మూతి, గుడ్డ చాలదు," అంటూ మైలయ్య, నూర్పిళ్ళప్పుడు గింజలు తినకుండా తనకు కట్టే తాళ్ళ చిక్కం తెచ్చింది. రంగి దాన్ని నక్క మూతికి రెండు చుట్లు చుట్టి, చెవుల వెనక ముడి వేసి, ఎందుకైనా మంచిదని ఇంకో ముడి వేసింది.

లోపల కోళ్ళు టమాటా ముక్కలు కోసి ఉప్పేస్తూ, దాని ఒళ్ళు రాసుకుంటూ తిరిగాయి. ఒకటి ఏకంగా వీపెక్కి చాట అందుకుంది. నక్కకు ఆకలితో ఏడుపొచ్చింది. ఇంత బాగా నేర్పానని నాకే తెలియలేదే అనుకుని కుమిలిపోయింది.

"మేం పాసయ్యామా అయ్యోరూ?" అంది రంగి.

నక్క తలాడించింది. అంతకుమించి ఏం చేయగలదు?

ఆ ముక్కలు ఎండి, సంచులకెక్కి, మంచి ధరకు అమ్ముడుపోయాక రైతు సంత ఊసే ఎత్తలేదు. నక్క మాత్రం పరీక్ష రోజునే చిక్కంతో సహా అడవి దారి పట్టింది. ముడి విప్పమని అడగడానికి నోరు లేకపోయె!

నీతి: పదిమందికి పెట్టే నియమాన్ని ముందు మన మూతికి కట్టి చూసుకోవాలి.